హోమ్ స్టోరేజ్ సర్వర్ మొరాయిస్తోందా? డిస్కు మార్చేముందు ఇవి చూడండి

పూల్ (ఒకే నిల్వగా కలిపి వాడే డిస్కుల గుంపు) డీగ్రేడ్ అయిందని, అంటే అందులో ఒక డిస్కు పనిచేయడం లేదని సర్వర్ నుంచి అలర్ట్ వచ్చిందంటే గుండె జారిపోతుంది. ఫొటోలు, పిల్లల వీడియోలు, ఏళ్ల తరబడి స్కాన్ చేసి దాచుకున్న కాగితాలు, అన్నీ అందులోనే ఉంటాయి మరి. ఆ టెన్షన్‌లో చాలామంది వెంటనే కొత్త డిస్కు తెచ్చి పెట్టేస్తారు. నేనూ అదే చేశాను. మూడో బే (డిస్కు పెట్టే అర)లోని డిస్కు పోయిందనుకుని మార్చాను, రీబిల్డ్ (మిగతా డిస్కుల సాయంతో కొత్తదానిలో డేటా మళ్లీ నింపడం) కూడా అయింది. తొమ్మిదో రోజున కొత్త డిస్కు అదే బేలోంచి మాయమైంది. తప్పు రెండు డిస్కులదీ కాదు, వాటిని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది.

డిస్కు నుంచి మీ ఫైలు బయటికి రావాలంటే పవర్, కేబుల్, కంట్రోలర్ (డిస్కులను కంప్యూటర్‌కు కలిపే చిప్ లేదా కార్డు), దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అన్నీ సరిగ్గా ఉండాలి. వీటిలో ఏది చెడినా పైకి "డిస్కు పోయింది" అనే కనిపిస్తుంది.

ఏ రిపేరుకైనా ముందు, ఇంకా చదవగలిగే డేటాను వేరేచోటికి కాపీ చేయండి. కారణం తెలియకుండా రీబిల్డ్ మొదలుపెట్టకండి. రీబిల్డ్ అంటే మిగతా డిస్కులన్నీ గంటల తరబడి ఆగకుండా పనిచేయాలి, బలహీనంగా ఉన్న రెండోది కూడా అప్పుడే పడిపోవచ్చు. ఒకసారికి ఒక్క భాగమే మార్చండి. ప్రతి బే మీద అందులోని డిస్కు సీరియల్ నంబర్ రాసి అంటించుకోండి. లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు బూట్ అయినప్పుడల్లా మారిపోవచ్చు. వాటిని నమ్మి బాగున్న డిస్కును లాగేస్తే పూల్ మొత్తం పోవచ్చు.

డిస్కు ఉన్నట్టుండి మాయమవుతుంది, రీబూట్ చేస్తే తిరిగొస్తుంది

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, కాబట్టి నింపాదిగా చూద్దాం. రీబూట్ చేయకముందే డీమెస్గ్ కమాండ్‌తో కెర్నల్ (ఓఎస్ మూలభాగం) రాసుకునే లాగ్ తీసి దాచుకోండి. అందులో ఏటీఏ3 లాంటి పోర్టు పేరుతో ఎర్రర్లు వరుసకట్టి ఉంటాయి. వాటి వెంటే లింక్‌ను హార్డ్ రీసెట్ చేస్తున్నట్టు ఒక లైను, ఆ తర్వాత లింక్ వేగం కనిపిస్తాయి. నా సర్వర్‌లో 6 గిగాబిట్ల దగ్గర మొదలైన లింక్ 3కి, అక్కడి నుంచి 1.5కి దిగింది. సిగ్నల్ సరిగా అందక కెర్నల్ వేగం తగ్గించుకుంటూ పోయిందన్నమాట.

ఎర్రర్ లైనులో ఉండే చిన్న కోడ్‌ను జాగ్రత్తగా చదవండి. యూఎన్‌సీ అని ఉంటే ఆ సెక్టార్‌ను డిస్కే చదవలేకపోయింది. ఐసీఆర్‌సీ అని ఉంటే డిస్కుకూ కంట్రోలర్‌కూ మధ్య దారిలో డేటా చెడింది. ఇప్పుడు స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా) తీసి పోల్చండి. చెడ్డ సెక్టార్లను లెక్కపెట్టే 5, 197, 198 నంబర్ల "రా" (అసలు లెక్క) విలువలు పెరుగుతుంటే డిస్కుకు రోజులు దగ్గరపడ్డాయి, మార్చేయండి. దారిలో చెడిన డేటాను లెక్కపెట్టే 199 ఒక్కటే పెరుగుతుంటే కేబుల్, బ్యాక్‌ప్లేన్ (డిస్కులు గుచ్చే బోర్డు) లేదా పోర్టును అనుమానించండి.

199 కౌంటర్ తిరిగి సున్నాకు రాదు. కేబుల్ మార్చాక కూడా పాత అంకె అలాగే ఉండటం చూసి బాగవలేదని కంగారు పడతారు. పెరుగుతోందా లేదా అన్నదే లెక్క. నేను 214 అని రాసుకుని, కేబుల్ మార్చి, రాత్రంతా స్క్రబ్ (పూల్‌లోని డేటా అంతటినీ చదివి సరిచూసే పని) నడిపాను. పొద్దున చూస్తే అదే 214. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

చేతిలో కొత్త కేబుల్ లేకపోతే, సర్వర్ ఆపి, బాగున్న డిస్కు కేబుల్‌తో మార్చి చూడండి. ఎర్రర్లు కేబుల్ వెంట వెళితే కేబుల్. వెళ్లకపోతే ఆ రెండు డిస్కుల పోర్టులు తారుమారు చేయండి: పాత పోర్టులోనే ఉండిపోతే పోర్టు, డిస్కు వెంట వెళితే డిస్కు. బాగున్న డిస్కును కూడా కదిలిస్తున్నాం కాబట్టి బ్యాకప్ ఉన్నాకే ఈ పని చేయండి.

రెండు మూడు డిస్కులు ఒకేసారి పడిపోతున్నాయి

అన్నీ కలిసి ఒక్క నిమిషంలో చెడిపోవడం అరుదు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఏముందో వెతకండి. మొదట చూడాల్సింది పవర్. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైను మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిది డిస్కులు ఒక్కసారిగా లేస్తే 16 ఆంపియర్లు. వాటన్నిటినీ ఒకే తీగకు స్ప్లిటర్లతో వేలాడదీస్తే వోల్టేజీ కుంగుతుంది. పవర్ సప్లై నుంచి వచ్చే వేర్వేరు తీగలకు డిస్కులను పంచండి. కంట్రోలర్‌లో స్టాగర్డ్ స్పిన్-అప్ (డిస్కులను ఒకదాని తర్వాత ఒకటిగా లేపే ఏర్పాటు) ఉంటే ఆన్ చేయండి. మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్లలో ప్లాస్టిక్ పోసి అచ్చు తీసిన రకం లోపల షార్టయి కాలిపోయే ప్రమాదం ఉంది, అవి వద్దే వద్దు.

పవర్ బాగుంటే కంట్రోలర్ కార్డు. ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ లాంటి కార్డులు గాలి జోరుగా వీచే సర్వర్ కేసుల కోసం తయారైనవి. నిశ్శబ్దంగా ఉండాలని ఫ్యాన్లు తగ్గించిన ఇంటి కేసులో వాటి హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. స్క్రబ్ మొదలైన గంటకో రెండు గంటలకో అన్ని డిస్కులూ ఒకేసారి పోతున్నాయంటే వేడినే అనుమానించండి. హీట్‌సింక్ మీదికి చిన్న ఫ్యాన్ ఒకటి బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ (పూల్‌ను తానే నడిపే ఫైల్ సిస్టమ్) వాడేవాళ్లు కార్డులో ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ (డిస్కులను ఉన్నవి ఉన్నట్టుగా ఓఎస్‌కు చూపించే రకం) ఉందో లేదో కూడా చూసుకోండి. రెయిడ్ (డిస్కులను ఒకటిగా కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చూసే పద్ధతి) ఫర్మ్‌వేర్ డిస్కులకు అడ్డుగా నిలబడి అసలు ఎర్రర్లను దాచేస్తుంది.

ఓఎస్ అప్‌గ్రేడ్ చేశాక కార్డు ఉంది, డిస్కులు లేవు

ఇది డ్రైవర్ సమస్య. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కు కె ఆప్షన్ ఇస్తే ఏ కార్డును ఏ డ్రైవర్ నడుపుతోందో చెబుతుంది. కార్డు పేరు కింద డ్రైవర్ లైను లేకపోతే దాన్ని నడిపేవాళ్లు లేరన్నమాట. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో ఈ కార్డులను నడిపే ఎంపీటీ3ఎస్‌ఏఎస్ డ్రైవర్ నుంచి ఎస్‌ఏఎస్2008 (9211-8ఐలో ఉండేది) లాంటి పాత చిప్‌లను తీసేశారు. మామూలు లినక్స్ కెర్నల్‌లో మాత్రం అవి ఉన్నాయి. అందుకే అదే కార్డు ఒక డిస్ట్రో (లినక్స్ రకం)లో పనిచేసి ఇంకోదానిలో చేయదు. అదనపు డ్రైవర్లు దొరికే ఈఎల్‌రెపో నుంచి డ్రైవర్ వేసుకోవచ్చు, లేదా డిస్ట్రో మార్చవచ్చు. డిస్కుల్లోని డేటాకు ఏమీ కాలేదు, దేన్నీ ఫార్మాట్ చేయకండి.

డిస్కు బాగానే ఉంది, అయినా రెయిడ్ బయటికి తోసేస్తోంది

డెస్క్‌టాప్ డిస్కులకు ఒక అలవాటుంది. చెడ్డ సెక్టార్ ఎదురైతే నిమిషానికి పైగా కూడా పట్టువదలకుండా చదవడానికి ప్రయత్నిస్తాయి. లినక్స్ కెర్నల్ మామూలుగా 30 సెకన్లు చూసి, జవాబు రాకపోతే లింక్ రీసెట్ చేస్తుంది. అది కాస్తా డిస్కును రెయిడ్ నుంచి గెంటేయడం దాకా పోతుంది. ఒక్క సెక్టార్ కోసం డిస్కు మొత్తం పోయినట్టవుతుంది. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (చెడ్డ సెక్టార్ మీద డిస్కు ఎంతసేపు పట్టుబట్టాలో చెప్పే సెట్టింగ్) విలువను చదవడానికీ రాయడానికీ 70, 70గా, అంటే 70 పదో వంతు సెకన్లుగా పెడితే డిస్కు 7 సెకన్లకే చేతులెత్తేస్తుంది, రెయిడ్ ఆ సెక్టార్‌ను మిగతా డిస్కుల నుంచి బాగుచేసుకుంటుంది. చాలా డిస్కుల్లో పవర్ పోతే ఈ సెట్టింగ్ కూడా పోతుంది, కాబట్టి బూట్ స్క్రిప్ట్‌లో పెట్టండి. డిస్కు ఈ సెట్టింగ్‌ను ఒప్పుకోకపోతే కెర్నల్ టైమౌట్‌నే 180 సెకన్లకు పెంచండి.

కొత్త డిస్కు తిరగడమే లేదు

డిస్కు మీద చెయ్యి పెట్టండి. సన్నని కంపనం కూడా తెలియకపోతే, అది ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి తీసిన డిస్కా అన్నది గుర్తుచేసుకోండి. సాటా 3.3 ప్రమాణం పాటించే కొన్ని డిస్కుల్లో పవర్ కనెక్టర్ మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందితే డిస్కు ఆగిపోతుంది. పాత పవర్ సప్లైలు ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. మూడో పిన్ను మీద సన్నగా కత్తిరించిన క్యాప్టన్ టేపు (కరెంటు పారనివ్వనిది) అంటిస్తే లేచి కూర్చుంటుంది.

తిరుగుతోంది గానీ బయోస్‌లో కనబడకపోతే మదర్‌బోర్డు మాన్యువల్ తెరవండి. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాటులో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి.

కాపీ వేగం సెకనుకు 11 మెగాబైట్ల దగ్గరే ఆగిపోయింది

నెట్‌వర్క్ లింక్ 100 మెగాబిట్లకు పడిపోయింది. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, ఒక్కటి తెగినా ఇంతే. కేబుల్ మార్చితే 110 దాకా వస్తుంది.

అన్ని డిస్కుల మీదా చెక్‌సమ్ ఎర్రర్లు

చెక్‌సమ్ అంటే డేటా మారలేదని సరిచూసుకునే లెక్క, అది తప్పడం నాకు అన్నిటికంటే భయం వేసే లక్షణం. ర్యామ్ చెడి ఉంటే సర్వర్ తప్పుడు డేటానే సరైనదనుకుని రాసేస్తుంది. వెంటనే రాతలు ఆపండి, స్క్రబ్ కూడా నడపకండి. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే సెట్టింగ్) తీసేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా తిప్పండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఊరుకోకుండా, ఒక్కో స్టిక్కునే పెట్టి మళ్లీ పరీక్షించి, చెడ్డదాన్ని తీసేయండి. ర్యామ్‌లో తప్పు దొరక్కపోతే కంట్రోలర్, పవర్ పైన చెప్పినట్టే చూడండి. తప్పు సరిచేశాకే జెడ్‌పూల్ క్లియర్ కమాండ్‌తో ఎర్రర్ల లెక్కలు సున్నా చేసి స్క్రబ్ నడపండి. మొదటి స్క్రబ్‌లో పాత నష్టం బయటపడుతుంది, ఏ ఫైళ్లు చెడ్డాయో పేర్లతో చూపిస్తుంది, వాటిని బ్యాకప్ నుంచి తెచ్చుకోండి. మళ్లీ క్లియర్ చేసి రెండో స్క్రబ్ నడిపితే అన్ని కాలమ్‌లలోనూ సున్నాలు కనిపించాలి.