ఏళ్లుగా కదలని జీపుకి బ్రేకులు పట్టేలా చేశాను

చెన్నై ఉప్పుగాలికి ముందు బాడీ పోతుందనుకుంటాం. మా ఇంటి పాత ఓపెన్ జీపులో ముందు పోయింది బ్రేకులు. పెడల్ నేలకి తాకుతోంది, వెనక ఎడమ చక్రం బిగుసుకుపోయింది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఆ తేమే వీల్ సిలిండర్‌కి (చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకుని నొక్కే చిన్న సిలిండర్) లోపల తుప్పు పట్టిస్తుంది.

జాకీని నమ్మొద్దు, స్టాండ్లు వేయండి. బ్రేకుని కప్పే డ్రమ్ము ఊడి రాకపోతే, బ్రేకు బిగువు సరిచేసే అడ్జస్టర్ వదులు చేశాకే సుత్తితో చుట్టూ తట్టాలి. లోపలి దుమ్ము ఊదొద్దు. పాత లైనింగుల్లో (డ్రమ్ముకి రాసుకునే పొర) ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. సిలిండర్ కొనకి ఉండే రబ్బరు బూటు (తొడుగు) ఎత్తగానే డికాక్షన్ రంగు బురద కారింది. సిలిండర్ గోడ మీద గోటికి తగిలే గుంటలుంటే ఎమరీ కాగితంతో రుద్ది లాభం లేదు, మార్చేయాలి. విడిభాగాలకి చెన్నైలోని పుదుపేట బజారుకి వెళ్తే పాత సిలిండర్ చేత్తో పట్టుకెళ్లండి, బోరు (లోపలి రంధ్రం) సైజు పోల్చుకోవచ్చు. సిలిండర్ లోపలి రబ్బరు కప్పుల్ని (ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు) పెట్రోలుతో కడిగితే ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి, దాంతోనే తడిపి ఎక్కించాలి.

బ్రేకు గొట్టాల్లోని గాలి తీయడం, పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్‌కి పారదర్శక గొట్టం, దాని కొన ఆయిలున్న సీసాలో. నొక్కిన పెడల్‌ని నిపుల్ బిగించాకే వదలాలి, లేకపోతే గాలి వెనక్కి లాక్కుంటుంది. మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిల్ అడుగంటితే మళ్లీ మొదటికొస్తుంది. నాకు అర లీటరుకి పైనే పట్టింది. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.