దగ్గరి గురికీ, దూరపు గురికీ ఒకే రైఫిల్: స్కోప్ ఎలా ఎంచుకోవాలి?

అమెరికాలో త్రీ-గన్ పోటీలకు (రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మూడింటితో గురి చూసే పోటీలు) వెళ్ళేవారికి ఈ చిక్కు బాగా తెలుసు. అదే రైఫిల్‌తో ముందు ఏడెనిమిది గజాల దూరంలో నిలబెట్టిన అట్టలను వరుసగా కొట్టాలి, నిమిషం తిరగకుండానే 300 గజాల అవతల ఎండలో మెరుస్తున్న ఇనుప ప్లేటును మోగించాలి. ఇక్కడ గజం అంటే మన ఇళ్ళస్థలాల లెక్కలో వాడే మూడడుగుల గజమే. దగ్గరి పనికి జూమ్ లేని, విశాలమైన దృశ్యం కావాలి. దూరపు పనికి ప్లేటు అంచు స్పష్టంగా కనిపించేంత జూమ్ కావాలి. ఈ రెండింటినీ ఒకే పరికరంలో అడుగుతున్నాం కాబట్టి ఎక్కడో ఒకచోట కొంత వదులుకోక తప్పదు. ఏది వదులుకోవాలో ముందే తేల్చుకుంటే డబ్బు వృథా కాదు.

చాలామంది దుకాణంలో జూమ్ అంకె పెద్దగా ఉందని చూసి స్కోప్ (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి) కొంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. దూరపు ప్లేటు విషయంలో కాస్త కుదురుకొని, ఊపిరి నిలిపి, గురి సరిచేసుకోవడానికి రెండు మూడు సెకన్ల వ్యవధి దొరుకుతుంది. దగ్గరి అట్ట ఆ వ్యవధి ఇవ్వదు. అందుకే స్కోప్‌ను ముందు దాని అతి తక్కువ జూమ్ దగ్గర పరీక్షించాలి, ఆ పరీక్షలో నెగ్గినవాటిలోంచే ఎక్కువ జూమ్ సంగతి చూసి ఎంచుకోవాలి.

ముందుగా రెండు మాటలు. హైదరాబాద్ వాడైన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వంటి పోటీల్లో, దూరాన్ని దగ్గరగా చూపే స్కోపులను అసలు అనుమతించరు. అక్కడ సన్నని రంధ్రం గుండా గురి చూడాలి. కాబట్టి పిల్లలను ఆ క్రీడలో చేర్పించాలనుకునేవారికి ఈ వ్యాసంతో పని లేదు. రెండోది, హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద అమెరికాలో ఉన్నవారికి ఫెడరల్ చట్టం తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండటాన్ని నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రేంజ్‌లో, అంటే కాల్పుల సాధన స్థలంలో, తుపాకీని గంటసేపు అద్దెకు తీసుకున్నా ఈ నిబంధన వర్తిస్తుంది. స్నేహితులు పిలిచారు కదా అని వెళ్ళే ముందు ఈ సంగతి తప్పకుండా చూసుకోవాలి, రాష్ట్ర చట్టాలు కూడా చదువుకోవాలి.

మొదటి పని: మీ దూరాలు కాగితం మీద రాసుకోండి

గత నాలుగైదు సార్లు రేంజ్‌కు వెళ్ళినప్పుడు ఎన్ని తూటాలు ఏ దూరానికి కాల్చారో గుర్తుచేసుకుని రాయండి. సగానికి పైగా 50 గజాల లోపే ఉంటే మీ అవసరం ఒకలా ఉంటుంది, సగానికి పైగా 200 గజాలు దాటితే మరోలా ఉంటుంది. ఎంత జూమ్ కావాలో చెప్పడానికి ఒక తేలిక లెక్క ఉంది. దూరాన్ని జూమ్‌తో భాగిస్తే, మామూలు కంటికి ఆ వస్తువు ఎంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుందో వస్తుంది. 300 గజాల ప్లేటు 6 రెట్ల జూమ్‌లో 50 గజాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. పది అంగుళాల ప్లేటును 50 గజాల్లో మామూలు కంటితో చూడగలిగినవారికి, 300 గజాల వరకు 6 రెట్లు సరిపోతాయి. 500, 600 గజాలకు వెళ్ళేవారికి 8 లేదా 10 రెట్లు అవసరం పడవచ్చు.

రెండో పని: మూడు దారుల్లో ఒకటి ఎంచుకోండి

మొదటి దారి రెడ్ డాట్, దాని వెనుక మాగ్నిఫయర్ (దృశ్యాన్ని పెద్దది చేసే విడి లెన్స్ గొట్టం). రెడ్ డాట్ అంటే అద్దంలో ఎర్రచుక్క కనిపించే, జూమ్ లేని పరికరం. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ 1975లో తొలి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ను తెచ్చింది. రెండు కళ్ళూ తెరిచి, తల కాస్త అటూ ఇటూ ఉన్నా, చుక్క ఎక్కడ కనిపిస్తే తూటా అటే వెళుతుంది. దగ్గరి గురికి దీన్ని మించినది లేదు. దూరం చూడాలంటే 3 రెట్ల మాగ్నిఫయర్‌ను పక్కనుంచి తిప్పి వెనుక నిలపాలి. అయితే మాగ్నిఫయర్ చుక్కను కూడా పెద్దది చేసి చూపిస్తుంది. 2 ఎంఓఏ (కోణాన్ని కొలిచే చిన్న ప్రమాణం, వివరం ఐదో పనిలో ఉంది) చుక్క 300 గజాల్లో సుమారు 6 అంగుళాలను కప్పేస్తుంది, మాగ్నిఫయర్ పెట్టినా అది కప్పే భాగం తగ్గదు. పది అంగుళాల ప్లేటుకు అది సర్దుకోదగిందే కానీ, నాలుగు అంగుళాల ప్లేటు ఆ చుక్క వెనుక పూర్తిగా దాగిపోతుంది.

రెండోది 3 లేదా 4 రెట్ల స్థిరమైన జూమ్ ఉన్న ప్రిజం స్కోప్ (లోపల పట్టకం ఉన్న పొట్టి స్కోప్), దాని మీద గానీ పక్కన 45 డిగ్రీల కోణంలో గానీ చిన్న రెడ్ డాట్. తిప్పాల్సినదేమీ ఉండదు, తుపాకీని కాస్త వాల్చితే దగ్గరి గురి సిద్ధం. కానీ రెండు పరికరాలకూ విడివిడిగా జీరో చేయాలి, అంటే గురి చూసిన చోటే తూటా తగిలేలా సరిచేయాలి. పైగా కొన్ని పోటీ విభాగాల్లో రైఫిల్‌కు ఒకే పరికరం ఉండాలన్న నియమం ఉంటుంది, నమోదుకు ముందు నియమావళి చదవాలి.

మూడోది, ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నది, 1 నుంచి 6, 8 లేదా 10 రెట్ల వరకు జూమ్ మారే స్కోప్. దీన్ని రేంజ్‌లో ఎల్‌పీవీఓ (లో పవర్ వేరియబుల్ ఆప్టిక్) అంటారు. అమెరికా మెరైన్ కోర్ 2020లో తన రైఫిళ్ళకు 1-8 రెట్ల ట్రిజికాన్ వీకాగ్‌ను ఎంచుకుంది. సైన్యం ఎంచుకుంది కాబట్టి మనకూ అదే కావాలని కాదు, కానీ దగ్గరా దూరమూ కలిసిన పనికి ఈ తరహా స్కోప్ సరిపోతుందనడానికి అది మంచి సాక్ష్యం. దీని లోపం బరువు. స్కోపూ, దాన్ని రైఫిల్‌కు బిగించే మౌంటూ కలిపి చాలావాటికి 600 నుంచి 800 గ్రాముల వరకు తూగుతాయి. మౌంట్ లేని చిన్న రెడ్ డాట్ వంద గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. రోజంతా మోసేవారికి ఆ తేడా భుజానికి తెలుస్తుంది.

మూడో పని: కళ్ళను పరీక్షించుకోండి

ఆస్టిగ్మాటిజం (కంటి ముందు పొర వంపు సమంగా లేని దృష్టి లోపం) ఉన్నవారికి ఎర్రచుక్క గుండ్రంగా కనిపించదు. చెమటకు చెరిగిన కుంకుమ బొట్టులా పక్కకు తోక సాగి కనిపిస్తుంది. పరికరం చెడిపోయిందని తిరిగి పంపే ముందు ఫోన్ కెమెరాను ఆ అద్దం వెనుక పెట్టి ఫొటో తీసి చూడండి. ఫొటోలో చుక్క శుభ్రంగా ఉంటే లోపం కంటిది, పరికరానిది కాదు. అలాంటివారికి గాజు మీదే గీతలు చెక్కిన ప్రిజం స్కోప్ గానీ ఎల్‌పీవీఓ గానీ మేలు. వీటిలో కంటికి తగ్గట్టు వెనుక లెన్స్‌ను తిప్పి సరిచేసుకునే డయాప్టర్ ఉంటుంది, బ్యాటరీ అయిపోయినా గీతలు నల్లగా కనిపిస్తూనే ఉంటాయి. నలభై దాటి, దగ్గరి వస్తువులు మసకబారడం మొదలైనవారు ఈ పరీక్షను దాటవేయకూడదు.

నాలుగో పని: కొనే ముందు స్కోప్ గుండా చూడండి

సాధ్యమైతే దుకాణంలోనో, రేంజ్‌లో తోటివారి రైఫిల్ మీదో చూడండి. తూటా లేదని రెండుసార్లు తనిఖీ చేశాకే భుజానికి ఆనించాలి. జూమ్‌ను 1 మీద పెట్టి, రెండు కళ్ళూ తెరిచి, గదిలో ఏదో ఒక నిలువు అంచును, తలుపు చట్రం అనుకుందాం, చూడండి. స్కోప్ లోపల కనిపించే అంచూ బయటి అంచూ ఒకే గీతగా సాగితే అది నిజమైన ఒక రెట్టు. లోపలి బొమ్మ కాస్త పెద్దగా ఉన్నా, అంచుల దగ్గర వంగినా, వేగంగా కదిలేటప్పుడు తల తిరిగినట్టు ఉంటుంది.

తరువాత జూమ్‌ను చివరిదాకా తిప్పి, కళ్ళు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఎత్తి, చెంపను ఆనించి, అప్పుడు కళ్ళు తెరవండి. దృశ్యం వెంటనే నిండుగా కనిపించిందా, లేక నల్లటి నీడ కమ్మి తలను వెతుక్కోవాల్సి వచ్చిందా చూడండి. దీని వెనుక ఒక చిన్న లెక్క ఉంది. ముందు లెన్స్ వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగు వలయం ఎంతో వస్తుంది. 24 మిల్లీమీటర్ల లెన్స్‌కు 6 రెట్ల దగ్గర అది 4 మిల్లీమీటర్లు, 8 రెట్ల దగ్గర 3, 10 రెట్ల దగ్గర 2.4. ఆ వలయం చిన్నదయ్యేకొద్దీ కన్ను సరిగ్గా దాని మధ్యలో ఉండాల్సి వస్తుంది, సాయంత్రపు మసక వెలుతురులో బొమ్మ చీకటిగా మారుతుంది. 300 గజాల లోపే కాల్చేవారికి 1-10 కంటే మంచి లెన్సులున్న 1-6 స్కోపే నేను సూచించడానికి కారణం ఇదే. ఒకే ధరకు దొరికేవాటిలో తక్కువ రెట్ల స్కోప్‌లో గాజు నాణ్యత మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కువ.

మధ్యలో వెలిగే చుక్కను ఎండలోకి తీసుకెళ్ళి చూడాలి. దుకాణంలోని ట్యూబ్‌లైట్ కింద ప్రతి చుక్కా ప్రకాశవంతంగానే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం తెల్లటి అట్ట మీద కనిపించినప్పుడే అది రెడ్ డాట్‌కు బదులుగా పనికొస్తుంది. స్కోప్‌ను ఎప్పుడూ సూర్యుని వైపు తిప్పి చూడకూడదు, కంటికి శాశ్వత హాని జరుగుతుంది.

ఐదో పని: గీతల సంగతి తేల్చుకోండి

గురి గీతలు స్కోప్‌లో రెండు చోట్లలో ఒకచోట ఉంటాయి. ఫస్ట్ ఫోకల్ రకంలో జూమ్‌తో పాటు గీతలూ పెరుగుతాయి, కాబట్టి గుర్తుల మధ్య కొలత ఏ జూమ్‌లోనైనా సరైనదే. కానీ 1 రెట్టు దగ్గర అవి వెంట్రుకలా సన్నబడతాయి. సెకండ్ ఫోకల్ రకంలో గీతలు ఎప్పుడూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి, దగ్గరి గురికి హాయిగా ఉంటుంది; అయితే కింది గుర్తులు సాధారణంగా పూర్తి జూమ్‌లో మాత్రమే సరైన కొలత చూపిస్తాయి. సగం జూమ్‌లో ఉండి ఆ గుర్తులను నమ్మితే తూటా ప్లేటు పక్కకు పోతుంది. 6 రెట్ల వరకు సెకండ్ ఫోకల్, 8 దాటితే ఫస్ట్ ఫోకల్ అన్నది నేను పాటించే పద్ధతి.

కొలతల్లో 1 ఎంఓఏ అంటే 100 గజాల్లో అంగుళం కంటే కొంచెం ఎక్కువ, 1 మిల్ అంటే 100 మీటర్లలో 10 సెంటీమీటర్లు. ఏదైనా పరవాలేదు, గీతలూ సర్దుబాటు మరలూ రెండూ ఒకే కొలతలో ఉంటే చాలు.

ఆరో పని: బిగించడం, జీరో చేయడం

ఇక్కడ పొదుపు చేయవద్దు. ఖరీదైన స్కోప్‌ను వదులు మౌంట్‌లో పెడితే ప్రతి తూటాకూ గురి జరుగుతూ ఉంటుంది. స్కోప్ ట్యూబ్ 30 మిల్లీమీటర్లదో 34దో చూసి అదే కొలత మౌంట్ తీసుకోవాలి. ఏఆర్-15 (అమెరికాలో బాగా వాడే ఒక రైఫిల్) రకం రైఫిళ్ళకు స్కోప్‌ను ముందుకు జరిపి పట్టే మౌంట్ అవసరం, లేకపోతే కన్ను సరైన దూరంలో కుదరదు. కంటికీ వెనుక లెన్స్‌కూ మధ్య దూరాన్ని పూర్తి జూమ్‌లో పెట్టి సరిచూసుకోవాలి. మరలను చేతి అంచనాతో కాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా), తయారీదారు చెప్పిన కొలత మేరకే బిగించాలి. ఎక్కువ బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది.

25 గజాల్లో మొదలుపెట్టి, మూడేసి తూటాల గుంపులు చూస్తూ మధ్యకు తెచ్చి, తరువాత 100 గజాల్లో ఐదేసి తూటాలతో ఖాయం చేయండి. సర్దుబాటు మర ఒక్కో మెట్టు తిరగడాన్ని క్లిక్ అంటారు. పావు ఎంఓఏ క్లిక్ 100 గజాల్లో పావు అంగుళం జరిపితే, 25 గజాల్లో దానిలో నాలుగో వంతే జరుపుతుంది. ఇది మరచి అక్కడ నాలుగైదు క్లిక్కులతో సరిపెట్టి, మరలు పనిచేయడం లేదనుకునేవారిని చూశాను. 100 గజాల జీరోతో ఈ రైఫిళ్ళలో మామూలుగా వాడే .223 తూటా 300 గజాలకు సుమారు ఒక అడుగు కిందికి దిగుతుంది. మీ తూటాకు ఎంతో కాల్చి చూసి, ఆ అంకెను రైఫిల్ పిడి మీద టేపు అంటించి రాసుకోండి.

దగ్గరలో ఇంకో తేడా ఉంటుంది. ఏఆర్ రకం రైఫిల్‌లో స్కోప్ మధ్యభాగం బ్యారెల్‌కు రెండున్నర అంగుళాలకు పైనే ఉంటుంది, కాబట్టి ఏడు గజాల్లో తూటా చుక్కకు ఇంచుమించు అంతే కిందుగా తగులుతుంది. అట్ట మీద చిన్న గడిని కొట్టాలంటే చుక్కను అంత పైన నిలపాలి.

ఏడో పని: జూమ్ పిడిని చేతికి అలవాటు చేయండి

ఒక పోటీలో నేను దూరపు ప్లేట్లు ముగించి గోడ మలుపు తిరిగాను. రైఫిల్ ఎత్తగానే స్కోప్ నిండా గోధుమరంగు అట్ట తప్ప మరేమీ లేదు, అంచు ఎక్కడో, మధ్య ఎక్కడో తెలియలేదు. జూమ్ ఇంకా 6 మీదే ఉంది. స్కోప్ మీద జూమ్ మార్చే పిడిని తిప్పి మళ్ళీ గురి చూసేసరికి నాలుగు సెకన్లు పోయాయి. అప్పటినుంచి కదిలే ముందే ఎడమ చేత్తో పిడిని 1 వైపు లాగడం నియమంగా పెట్టుకున్నాను. ఇంట్లో, తూటాలు వేరే గదిలో ఉంచి, ఖాళీ రైఫిల్‌తో, సురక్షితమైన దిక్కుకు తిప్పి, రోజుకు పది నిమిషాలు ఈ ఒక్క కదలికను సాధన చేస్తే చాలు. పిడి స్కోప్‌తో రాకపోతే విడిగా కొని బిగించండి. మొదటి రెండు వందల తూటాల తరువాత మౌంట్ మరలన్నిటినీ మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూసి, ప్రతి మర తల మీదుగా మౌంట్ వరకు పెయింట్‌తో ఒక సన్నని గీత గీయండి. ఏ మరైనా వదులైతే ఆ గీత రెండు ముక్కలుగా కనిపిస్తుంది.