కొండల మీద మట్టి నమూనాలకు వెళ్లేముందు

మంచు కరిగే కాలం వచ్చేసింది. బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

- రాళ్లు జారే వాలును ఎండ పడకముందే దాటేయండి. రాతి పగుళ్లలో నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి రాయిని చీలుస్తుంది. రాత్రంతా ఆ ముక్కను పట్టి ఉంచేది కూడా ఆ మంచే. ఎండకు కరిగిందా, రాయి కిందికి వస్తుంది. లైకెన్ (రాళ్ల మీద పొరలా పెరిగే నాచులాంటిది) పట్టని, అంచులు పదునుగా ఉన్న రాళ్లు కనిపిస్తే అవి ఈమధ్య పడ్డవే కావొచ్చు. అక్కడ అస్సలు ఆగొద్దు.

- వాగు కొండ దిగి విసనకర్రలా పరుచుకున్న చోట గుడారం వద్దు. చదునుగా, హాయిగా అనిపిస్తుంది గానీ, ఆ నేలను తెచ్చి పోసినవి వరదలూ బురదే.

- తవ్విన పచ్చిక గడ్డను వేర్లతో సహా అదే గుంటలో పెట్టేయండి. దయచేసి ఇది మర్చిపోకండి. ఆ చలిలో ఒక్క సెంటీమీటరు మట్టికి వందల ఏళ్లు పట్టొచ్చు.

- పై నల్లమట్టి, కింది రాతిపొడి వేర్వేరు సంచుల్లో. కలిస్తే నమూనా దండగే.