సూట్‌కేసు సర్దడం అయ్యాక ఇది చదవండి: క్యాంపస్ రేడియో సంగతి

ఆగస్టు వచ్చిందంటే మన అమలాపురం, భీమవరం, తణుకు వైపు వీధికొక ఇంట్లోనైనా విదేశాలకి చదువుకోడానికి వెళ్లేవాళ్లు సూట్‌కేసులు తూకం వేస్తూ కనిపిస్తారు. పూతరేకులు అడుగున పెట్టాలా పైన పెట్టాలా, ఆవకాయ సీసాకి ఎన్ని కవర్లు చుట్టాలి, ఇదే చర్చ. అవి చెప్పడానికి మీ ఇంట్లో బోలెడుమంది ఉంటారు కాబట్టి నేను వేరే ముక్క చెప్తాను. దిగిన రెండో వారం లోపు మీ యూనివర్సిటీలో స్టూడెంట్ రేడియో ఉందేమో కనుక్కోండి, ఉంటే వెళ్లి తలుపు తట్టండి.

నవ్వకండి, నేనూ నవ్వాను. రేడియో అంటే మా ఇంట్లో తాతగారి వాలుకుర్చీ, విజయవాడ కేంద్రం, ఉషశ్రీ గారి గొంతు గురించి ఆయన చెప్పే కబుర్లు, అంతే. అమెరికాలో చూస్తే చాలా యూనివర్సిటీలకి సొంత ఎఫ్‌ఎమ్ స్టేషన్ ఉంది, వార్తలు చదివేదీ పాటలు వేసేదీ చాలావరకు మన వయసు పిల్లలే. డయల్లో 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా వ్యాపారం చెయ్యని స్టేషన్లకే వదిలేశారు, కాబట్టి ఎవరి కారెక్కినా ఆ చివర ఒకసారి తిప్పి చూడండి. అట్లాంటా వెళ్లేవాళ్లకి జార్జియా టెక్ వారి డబ్ల్యూఆర్‌ఈకే 91.1 ఉంది, బర్క్‌లీ వాళ్లకి కేఏఎల్‌ఎక్స్ 90.7. పేరు డబ్ల్యూతో మొదలైతే మిసిసిపీ నదికి తూర్పున ఉన్నారని, కేతో మొదలైతే పడమరన ఉన్నారని లెక్క (కొన్ని పాత స్టేషన్లు దీనికి లొంగవు), మనం గౌతమికి అటా ఇటా అని అడుగుతామే, అలాగ. బ్రిటన్‌లో అయితే ఎక్కువ భాగం ఇంటర్నెట్‌లోనే వినాలి, అక్కడ యార్క్ యూనివర్సిటీ పిల్లలు రేడియో అనేది 1967లోనే మొదలెట్టేశారు. వాంకూవర్‌లో సీఐటీఆర్ 101.9, సిడ్నీలో 2ఎస్ఈఆర్ 107.3.

ముందు ఓ పది రోజులు ఊరికే వినండి. ఏ బస్సు దారి మార్చారు, పరీక్షల వారంలో లైబ్రరీ ఎప్పటిదాకా తీసి ఉంచుతారు, ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున ఏ రోడ్డు మూస్తారు, ఇవన్నీ మీకు మెయిల్లో కూడా వస్తాయి కానీ ఆ మెయిల్ మీరు చదవరు, నాకు తెలుసు. పైగా ఆ ఊరివాళ్లు మాట్లాడే వేగం, మింగేసే అక్షరాలు చెవికి అలవాటవుతాయి. ఇంకో లాభం ఉంది, చెప్పడానికి కొంచెం సిగ్గు గానీ చెప్తాను: బొమ్మల ప్రదర్శనలు మొదలయ్యే రోజున ఉచితంగా తిండి పెడతారని నాకు రేడియో కళల కార్యక్రమంలోనే తెలిసింది, మొదటి సెమిస్టర్లో చాలా శుక్రవారాలు వంట తప్పింది.

చేరడం కష్టమేం కాదు. సెమిస్టర్ మొదట్లో క్లబ్బులన్నీ బల్లలేసుకుని కూర్చుంటాయి, అక్కడ పేరు రాయించుకుంటే కొన్ని వారాలు నేర్పిస్తారు. మనవాళ్లు చాలామంది వెళ్లగానే తెలుగు పాటల గంట కావాలని అడుగుతారు. అది తర్వాత అడగండి. ముందు క్యాంపస్ వార్తలు చదివే పని తీసుకోండి, ఎందుకంటే తెలుగు పాటలు వేస్తే వినేది మళ్లీ మన రూమ్మేట్లే, వార్తలు చదవాలంటే మాత్రం ప్రతి బిల్డింగు పేరూ ఎలా పలకాలో ఎవరినో ఒకరిని అడిగి తీరాలి, నాకు అక్కడ మొదటి నలుగురు స్నేహితులూ అలా అడిగితే దొరికినవాళ్లే. యాస గురించి టెన్షన్ వద్దు. మన ఇబ్బంది యాస కాదు, వేగం. తెలుగులో ఆయ్ అంటూ తీరిగ్గా సాగదీసేవాళ్లం ఇంగ్లీషు మొదలెడితే లాకులెత్తిన కాలవలా పరిగెడతాం.

అమెరికాలో అయితే నియమాలు కొన్ని ఉన్నాయి. గంటకోసారి స్టేషన్ అక్షరాలు, ఊరి పేరు చెప్పి తీరాలి. బూతు ఉన్న పాట పగలు వెయ్యకూడదు. ప్రకటనలు ఉండవు, కాబట్టి ఇండియన్ స్టోర్ అంకుల్ ఫ్రీగా రెండు సమోసాలు చేతిలో పెట్టి మా దసరా సేల్ గురించి ఓ ముక్క చెప్పమ్మా అంటే సమోసా తినండి గానీ ఆ ముక్క మాత్రం చెప్పకండి, లైసెన్సుకే ముప్పు. జీతం వచ్చే పోస్టు ఇస్తామంటే అది సెమిస్టర్లో వారానికి 20 గంటల పరిమితిలోకి వస్తుంది, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగాకే సంతకం పెట్టండి.

జనవరిలో కళల కార్యక్రమం అమ్మాయి సంక్రాంతి గురించి మూడు నిమిషాలు మాట్లాడమంది. కోతల పండగ, ముగ్గులు, గాలిపటాలు అని రాసుకెళ్తే చదివి, ఇది ఎన్‌సైక్లోపీడియాలా ఉంది, మీ ఊరిది చెప్పు అంది. అప్పుడు జగ్గన్నతోట చెప్పాను. కనుమ రోజు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద (వెదురుతో ఎత్తుగా కట్టి రంగుగుడ్డలతో అలంకరించినవి) అక్కడికి చేరతారని, దారిలో కౌశిక ఏరు అడ్డం వస్తే అంత ఎత్తు ప్రభని ఒరగనివ్వకుండా భుజాల మీదే నీళ్లలోకి దింపి అవతలి గట్టుకి ఎక్కిస్తారని. తమ్ముడు ఆ గట్టు మీద నిలబడి ఫోన్లో రికార్డు చేసి పంపాడు. నా మాటలు సగం కోసేసి, ఆ అమ్మాయి ఆ నీళ్ల చప్పుడు, ఆ కేకలు ఇరవై సెకన్లు అలాగే వదిలేసింది. మీరూ వెళ్లేముందు ఇలాంటివి నాలుగు ఫోన్లో పట్టుకెళ్లండి, లాకుల దగ్గర నీళ్లు, రేవులో పంటు, కొబ్బరికాయలు వలిచే చప్పుడు, ఏదైనా. సూట్‌కేసులో బరువు కూడా ఉండదు.

కొత్తవాళ్లకి ఇచ్చేది అర్ధరాత్రి దాటాక ఉండే స్లాటే. విసుక్కోకండి. అమెరికా సెంట్రల్ టైములో రాత్రి 2 గంటలంటే ఇక్కడ మధ్యాహ్నం 12:30, నవంబరులో వాళ్లు గడియారం మార్చాక 1:30. సరిగ్గా భోజనాల వేళ. ఇంట్లోవాళ్లకి లింకు పంపితే కంచాల ముందు కూర్చుని వింటారు. ఒకటే జాగ్రత్త, పాట నడుస్తోంది కదా అని ఫోనెత్తేముందు మైకు ఆపారో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు. తిన్నానమ్మా, పప్పే, అని పాట మధ్యలో ఊరంతటికీ చెప్పేశాను. ఇంటర్నెట్‌లో అర నిమిషం ఆలస్యంగా వస్తుంది కాబట్టి మా అమ్మ ఫోన్లో ఒకసారి, లాప్‌టాప్‌లో ఇంకోసారి విని, అంతమందికి చెప్పినవాడివి నెయ్యి వేసుకున్నావో లేదో చెప్పలేదేంరా అని అడిగింది.