ఫ్రేజల్ వెర్బ్స్ బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా?

విజయవాడలోనో గుంటూరులోనో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకి వెళ్లే వాళ్ల నోట్సు తిరగేస్తే గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఓవర్, గెట్ అవే అని వరసగా ఫ్రేజల్ వెర్బ్స్ (వెర్బ్‌కి చిన్న మాట తగిలి కొత్త అర్థం ఇచ్చేవి) జాబితా, పక్కన తెలుగు అర్థాలు కనిపిస్తాయి. రాత్రి కూర్చుని బట్టీ పడతారు, వారం తిరిగేసరికి ఏది దేనికో కలగాపులగం అయిపోతుంది. అలా అయిపోవడానికి కారణం మీ జ్ఞాపకశక్తి కాదు, ఆ జాబితానే. దాన్ని పక్కన పెట్టేసి ఇలా మొదలుపెట్టండి.

ముందు మన తెలుగు ఒకసారి చూసుకోండి

'పో' అంటే వెళ్లడం. మరి 'పాలు విరిగిపోయాయి' అన్నప్పుడు పాలు ఎక్కడికి వెళ్లాయి? ఎక్కడికీ వెళ్లలేదు, మన చేతిలో లేకుండా పని జరిగిపోయిందని చెప్పడానికి ఆ 'పోయాయి' వచ్చి చేరింది. అలాగే 'తిను' వేరు, 'తినెయ్' వేరు. 'చూడు' వేరు, 'చూసుకో' వేరు. ఈ తేడాలు మనకి ఎవరూ నేర్పలేదు, వింటూ పెరిగాం. ఇంగ్లిష్‌లో జరిగేదీ ఇంచుమించు ఇదే, కాకపోతే మనం క్రియకి ఇంకో క్రియ తగిలిస్తాం, వాళ్లు అప్, ఆఫ్, అవుట్ లాంటి చిన్న మాట తగిలిస్తారు. 'ఈట్ ఇట్' అంటే తిను, 'ఈట్ ఇట్ అప్' అంటే మిగల్చకుండా తినెయ్. 'లుక్ ఎట్ హర్' అంటే ఆమెను చూడు, 'లుక్ ఆఫ్టర్ హర్' అంటే ఆమెను చూసుకో.

వెర్బ్‌ని వదిలి చిన్న మాటను పట్టుకోండి

జాబితాలన్నీ గెట్, టేక్, పుట్ అని వెర్బ్ ప్రకారం ఉంటాయి. మీరు అటు నుంచి కాకుండా చిన్న మాట వైపు నుంచి రండి. 'అప్' చాలాచోట్ల పని పూర్తిగా అయిపోవడం చెబుతుంది: యూజ్ అప్, ఫిల్ అప్, డ్రింక్ అప్. 'ఆఫ్'లో విడిపోవడం ఉంటుంది: గన్నవరంలో విమానం నేలను వదిలితే టేకాఫ్, ఇంటి నుంచి ప్రయాణం బయల్దేరితే సెట్ ఆఫ్. 'అవుట్' అంటే లోపలున్నది బయటికి రావడం, లేదా అయిపోవడం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన రోజులు గుర్తు తెచ్చుకోండి. రాకపోకలు తెగిపోతే ఆ కాలనీలు 'కట్ ఆఫ్', ఇంట్లో మంచినీళ్లు అయిపోతే 'రన్ అవుట్ ఆఫ్ వాటర్', భోజనం పొట్లాలు పంచితే 'హ్యాండ్ అవుట్', నిలిచిన నీళ్లు తోడేస్తే 'పంప్ అవుట్'. కళ్లతో చూసిన సంగతికి ముడిపడిన మాట అంత త్వరగా మరచిపోం.

అన్నీ ఇలా లెక్కకి దొరకవు. 'గివ్ అప్' అంటే మానేయడం, 'పుట్ అప్ విత్' అంటే భరించడం. ఇలాంటి వాటికి లాజిక్ వెతుకుతూ కూర్చోవద్దు, మొత్తంగా ఒకే మాట అనుకుని తీసేసుకోండి.

బస్సులో ప్రాక్టీస్ చేయండి

నెహ్రూ బస్ స్టేషన్‌లో గుంటూరు బస్సు ఎక్కారనుకోండి, అది 'గెట్ ఆన్'. దిగేటప్పుడు మనం 'గెట్ డౌన్' అంటాం, మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కానీ బయట దేశాల్లో వాడుకలో ఉన్నది 'గెట్ ఆఫ్'. అదే ఆటో అయితే, కారు అయితే ఎక్కడం 'గెట్ ఇన్', దిగడం 'గెట్ అవుట్'. లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగే బస్సు, రైలు, విమానానికి ఆన్, ఆఫ్. ఒంగి దూరి కూర్చునే వాటికి ఇన్, అవుట్. పైకెక్కి కూర్చునే బైకుకీ ఆన్, ఆఫే. రోజూ ప్రయాణం చేసేవాళ్లు ఎక్కినప్పుడల్లా, దిగినప్పుడల్లా మనసులో ఒకసారి అనుకుంటే చాలు.

'ఇట్' ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి

టెన్షన్ పడేది ఎక్కువగా ఇక్కడే. 'స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్', 'స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్' రెండూ కరెక్టే. ఫ్యాన్ బదులు 'ఇట్' వస్తే మాత్రం మధ్యలోనే రావాలి: 'స్విచ్ ఇట్ ఆఫ్'. 'స్విచ్ ఆఫ్ ఇట్' అనకూడదు. మరి 'లుక్ ఆఫ్టర్ హర్'లో 'హర్' చివర ఎందుకుంది? అక్కడ 'ఆఫ్టర్' ప్రిపోజిషన్, అది తన వెనకాల వచ్చే మాటతోనే ఉంటుంది, మధ్యలో ఎవర్నీ రానివ్వదు. స్విచ్ ఆఫ్‌లో 'ఆఫ్' వెర్బ్‌కి చెందిన మాట, అందుకే చోటిస్తుంది. పైకి చదివి చూడండి, 'స్విచ్ ఇట్ ఆఫ్'లో గొంతు 'ఆఫ్' మీద ఒత్తుతుంది, 'లుక్ ఎట్ ఇట్'లో 'లుక్' మీద ఒత్తుతుంది. చెవికి ఆ తేడా అలవాటైతే రూలుతో పని తగ్గుతుంది. అనుమానం వస్తే లెర్నర్స్ డిక్షనరీ (ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన నిఘంటువు) తెరిచి 'సమ్‌థింగ్' అనే మాట మధ్యలో ఉందో చివర ఉందో చూడండి, జవాబు అక్కడే ఉంటుంది.

నోట్సులో అర్థం బదులు వాక్యం రాయండి

రోజుకి రెండు మూడు చాలు. 'పుట్ ఆఫ్ అంటే వాయిదా, కాల్ ఆఫ్ అంటే రద్దు' అని రాసుకుంటే పరీక్ష నాటికి తారుమారు అవుతాయి. 'వర్షం వల్ల మ్యాచ్ ఆదివారానికి పుట్ ఆఫ్ చేశారు, ఆదివారం కూడా వర్షమే, చివరికి కాల్ ఆఫ్ చేశారు' అని మీ వీధి మ్యాచ్ గురించే ఇంగ్లిష్‌లో రాయండి.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు మూడు చూసుకోండి

మెయిల్ చివర 'లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు' అని రాస్తుంటారు, 'టు మీటింగ్ యు' అని ఉండాలి, ఎందుకంటే ఆ 'టు' కూడా ప్రిపోజిషనే. 'కోప్ అప్ విత్'లో 'అప్' అక్కర్లేదు, 'కోప్ విత్' చాలు. ఇక 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023' అంటే మన దగ్గర డిగ్రీ పూర్తయిందనే అనుకుంటారు, అమెరికా క్లయింటుకి మాత్రం స్పృహ తప్పి పడిపోయారని వినిపించవచ్చు. 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023' అనండి.