శిథిల శిలలో బంగారం లెక్క కట్టే ముందు జాగ్రత్తలు

ముందు సాంద్రత చూసుకోండి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. గట్టి రాయి ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు తూగితే, కుళ్లి మెత్తబడిన రాయి ఎండాక 1.6 కూడా తూగకపోవచ్చు. ముక్కను తడిగా ఒకసారి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మరోసారి తూచండి. ఘనపరిమాణం కొలవడానికి ముక్కను నీట ముంచే ముందు మైనం పూయాలి; లేదంటే రంధ్రాల్లోకి నీరు చేరి సాంద్రత ఎక్కువ చూపిస్తుంది, లేని టన్నులు లెక్కకెక్కుతాయి.

• లేటరైటు (పైనుండే ఇనుము ఎక్కువున్న ఎర్రటి పొర), బంగారం కరిగిపోయిన పొర, మెత్తరాయి, గట్టిరాయి: దేని గ్రేడు (టన్నుకు ఎన్ని గ్రాముల బంగారం) దానికే. కలపొద్దు.

• ముతక బంగారముంటే 50 గ్రాముల పరీక్ష ఒక్కటే చాలదు. పెద్ద నమూనాను జల్లించి, ముతక భాగాన్ని విడిగా పరీక్షించాలి.

• భూగర్భ నీటిమట్టం కింద డ్రిల్లింగు పొడి తడిస్తే పై పొర బంగారం కింది నమూనాలకు అంటుకోవచ్చు. ఆ నమూనాలకు గుర్తు పెట్టండి.

• ఎక్కడో ఒక్క నమూనాలో భారీ గ్రేడు వస్తే దానికి గరిష్ఠ పరిమితి పెట్టాకే సగటు తీయండి.