కుక్కపిల్ల ఇంట్లోనే మూత్రం పోస్తోందా? ఎప్పుడు, ఎక్కడ అన్నదే కారణం చెబుతుంది

రెండు నెలల పిల్లను తెచ్చుకున్న ఇంట్లో వారం తిరక్కుండానే వినిపించే మాట: "దీనికి మొండితనం ఎక్కువ, చెప్పినా వినదు." మొండితనం కాదు. కారణం వేరే ఉంటుంది, అది వెతికితే దొరుకుతుంది. ముందుగా మూడు రోజులపాటు ఒక కాగితం మీద వేళ, చోటు, అంతకుముందు పిల్ల ఏం చేస్తోందో రాయండి. ఆ తరువాత కింద చూడండి.

గంటకోసారి, ఎక్కడ పడితే అక్కడ పోస్తోంది

పట్టు ఇంకా రాలేదు. వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలిపితే, పిల్ల ఆపుకోగల గంటలు వస్తాయని ఒక మోటు లెక్క. రెండు నెలల పిల్లకు మూడు గంటలు. అదీ పడుకుని ఉన్నప్పుడు. ఆడుతున్న పిల్లకు అరగంట కూడా గగనమే. కాబట్టి గడియారంకన్నా సందర్భాన్ని పట్టుకోండి: నిద్ర లేవగానే, తిన్న పది నుంచి ముప్ఫై నిమిషాల్లో, ఆట ఆగగానే, రాత్రి పడుకోబోయే ముందు. ఆడుతున్నదల్లా ఉన్నట్టుండి ఆగి, నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే ఇక క్షణాలే ఉన్నట్టు. మూడో అంతస్తులో ఉండేవారు దాన్ని నడిపించకండి, ఎత్తుకుని వెళ్లండి. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడే చాలా పిల్లలు పోసేస్తాయి.

తిండి రోజూ ఒకే వేళకు, మూడు నాలుగు సార్లు పెట్టండి. పావుగంటకు గిన్నె తీసేయండి. నీళ్లు మాత్రం తగ్గించకండి, మన ఎండల్లో అది ప్రమాదం. రాత్రి ఒకసారి అలారం పెట్టుకుని లేవక తప్పదు.

బయట పావుగంట తిప్పినా పోయదు, లోపలికి రాగానే పోస్తుంది

బయట మనుషులు, బళ్లు, వాసనలు. వాటి ధ్యాసలో తన పని మరిచిపోతుంది. ఇంకో కారణం మన వల్ల వచ్చేది: పని కాగానే లోపలికి లాక్కొస్తే, 'పోస్తే షికారు అయిపోతుంది' అని నేర్చుకుంటుంది. రోజూ ఒకే చోటికి తీసుకెళ్లి, కదలకుండా నిలబడి, ఒకే మాట నెమ్మదిగా అనండి. పోయడం పూర్తయిన మరుక్షణం, అక్కడే మెచ్చుకుని చిన్న తినుబండారం ఇవ్వండి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే, లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. తరువాత కాసేపు తిప్పండి. పోయకపోతే లోపలికి తెచ్చి పది నిమిషాలు ఒళ్లోనో, గొలుసుతో పక్కనో ఉంచుకుని మళ్లీ తీసుకెళ్లండి.

మంచం కిందో, సోఫా వెనకో దాక్కుని పోస్తోంది

ఎవరో కొట్టారు, లేదా ముక్కు పట్టి తడిలో రాశారు. ఈ పద్ధతి ఇంకా ఎన్నో ఇళ్లలో ఉంది, నాకు చాలా బాధ కలిగించేది ఇదే. అయిదు నిమిషాల కిందట చేసిన పనికీ ఇప్పటి దెబ్బకీ పిల్ల లంకె వేసుకోలేదు. దానికి అర్థమయ్యేది ఒక్కటే: ఈ మనిషి ముందు పోస్తే ప్రమాదం. అందుకే ఇంట్లో దాక్కుంటుంది, బయట మీరు పక్కన ఉన్నంతసేపూ బిగపట్టుకుంటుంది. పోస్తుండగా చూస్తే చప్పట్లతో ఆపి, వెంటనే ఎత్తుకుని బయటికి తీసుకెళ్లండి. పోసేశాక చూస్తే మాట్లాడకుండా తుడవండి. భయం పోవడానికి వారాలు పట్టవచ్చు.

మళ్లీ మళ్లీ అదే మూల

ఫినాయిల్ మన ముక్కుకు వాసన కప్పుతుంది, కుక్క ముక్కుకు కాదు. పైగా పాదాలకు అంటిన ఫినాయిల్‌ను పిల్ల నాకుతుంది, అది విషం. ముందు పాత గుడ్డతో తడి అద్ది తీసి, నీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావణాన్ని సీసా మీద రాసినంతసేపు ఉంచండి. వెనిగర్ వాడమని చాలామంది చెబుతారు. పలకల మీద ఫరవాలేదు కానీ పాలరాయి, కడప బండ, తాండూరు బండ మీద పోయకండి, ఆమ్లానికి సున్నపురాయి మెరుగు పోతుంది. శుభ్రం చేశాక ఆ మూలలోనే దాని అన్నం గిన్నె పెట్టండి. తినే చోట పోయడానికి కుక్కలు సాధారణంగా ఇష్టపడవు.

పరుపు, కాళ్లు తుడుచుకునే పట్టా మాత్రమే తడుస్తున్నాయి

మెత్తగా, పీల్చుకునే నేలకు పాదాలు అలవాటుపడ్డాయి. కొన్నాళ్లు వాటిని తీసేసి, పిల్ల పోయాలని మీరు అనుకునే చోట పాత వార్తాపత్రికలు పరవండి. టీకాలు పూర్తికాని పిల్లకు, అంటే సుమారు నాలుగు నెలలదాకా, వీధి కుక్కలు తిరిగే చోటు మంచిది కాదు. కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చి ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అంతవరకు డాబా, సొంత పెరడు లేదా బాల్కనీలో కాగితాలు చాలు. టీకాలయ్యాక ఆ కాగితాల్లో తడిసినదొకటి బయట మీరు ఎంచుకున్న చోట వేస్తే ఆ వాసనకే పిల్ల అక్కడ పోస్తుంది.

మీరు ఇంటికి రాగానే వంగి నాలుగు చుక్కలు పోస్తోంది

సంతోషమో, భయభక్తులో. దీన్ని తిట్టారంటే ఇంకా పెరుగుతుంది. రాగానే పలకరించకుండా కాసేపు ఆగి, మీద వంగకుండా పక్కకు తిరిగి కూర్చోండి. చాలా పిల్లలు ఎదుగుతూ మానేస్తాయి.

ఆరు నెలలు దాటిన మగకుక్క కాలెత్తి గోడలకు కొంచెం కొంచెం

తన హద్దు గుర్తు పెట్టుకుంటోంది. సంతాన నిరోధక శస్త్రచికిత్స గురించి పశువైద్యుడిని అడగండి.

నేర్చుకున్న కుక్క మళ్లీ మొదలుపెట్టింది

ఇక్కడ శిక్షణ మాట ఎత్తకండి. మాటిమాటికీ చుక్కలుగా పోయడం, ముక్కడం, మూత్రంలో రక్తం మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు గుర్తులు కావచ్చు. నీళ్లు విపరీతంగా తాగుతుంటే వేరే జబ్బులనూ చూడాలి. పిల్లకు వాంతులతో పాటు రక్త విరేచనాలైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, మరునాటిదాకా ఆగవద్దు. మూత్రం సమస్యకైతే శుభ్రమైన సీసాలో తాజా నమూనా, మీరు వేళలు రాసుకున్న కాగితం రెండూ వెంట తీసుకెళ్లండి.